కల్లం దగ్గర ఎపిక్టెటస్

స్నానానికి బయలుదేరే ముందు అక్కడ ఏమేం జరుగుతాయో ఒకసారి తలుచుకో అంటాడు ఎపిక్టెటస్, స్టోయిక్ అనే పాత గ్రీకు తత్వాన్ని రోమన్ల కాలంలో పాఠం చెప్పినవాడు. నీళ్లు చిమ్మేవాళ్లుంటారు, తోసుకునేవాళ్లుంటారు, తిట్టేవాళ్లుంటారు, బట్టలు ఎత్తుకపోయేవాళ్లుంటారు. రోమన్ల కాలంలో స్నానశాల అంటే ఊరుమ్మడి చోటు. అందుకే గడప దాటేటప్పుడే రెండు పనులు మనసులో పెట్టుకోమన్నాడు. ఒకటి స్నానం చెయ్యడం. రెండోది మనసు చెడగొట్టుకోకుండా తిరిగి రావడం. ఎవడో అడ్డం పడితే మొదటి పని ఆగిపోవచ్చు. రెండో పనిని ఆపే శక్తి ఇంకొకరికి లేదు. 53 చిన్న ముక్కలున్న ఆయన పాఠాల పుస్తకం 'ఎన్‌కిరీడియన్'లో ఇది నాలుగోది. ఆ పేరుకు అర్థం చేతిలో ఉంచుకునేది అని.

ఇప్పుడు స్నానశాల తీసేసి వడ్ల కొనుగోలు సెంటరు పెట్టండి. యాసంగి కోతలు మొదలైనాక నల్గొండ, మిర్యాలగూడ వైపు ఏ సెంటర్‌కు పోయినా కథ ఒక్కటే. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. తాలు ఎక్కువుందంటారు. తరుగు తీస్తారు. గన్నీ సంచులు అయిపోతాయి. ఇవ్వాళ వస్తదన్న లారీ ఎల్లుండి వస్తది. హమాలీలు దొరకరు. అంతలో మబ్బు పడుతుంది. వీటిలో ఒక్కటి కూడా కొత్తది కాదు. అయినా ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరు అక్కడ గొంతు చించుకుంటారు, బీపీ తెచ్చుకుంటారు, పక్క రైతుతో జీవితకాలపు పగ పెట్టుకుంటారు. ఆ మనిషి ఇంటి నుంచి ఒక్క పనే పెట్టుకొని వచ్చాడు: ఇవ్వాళ కాంటా అయిపోవాలి. ఆ పని అతని చేతిలో లేదు.

ఈ ముక్కను చదివి తలూపితే ఏమీ రాదు. చెయ్యాలి. ముందు రోజు రాత్రి ఒక కాగితం తీసుకొని మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క మన చేతిలో ఉన్నవి, కుడి పక్క లేనివి. వడ్లు పలుచగా ఆరబోయడం, రెండు గంటలకోసారి కాలితో తిప్పడం, పొద్దుగూకే ముందు కుప్ప చేసి పరదా కప్పడం, కుప్ప చుట్టూ జానెడు కాలువ తియ్యడం, సీరియల్ నంబరు రాయించుకోవడం, తేమ మిషన్ మీద అంకె మన కళ్లతో చూడడం. ఇవి ఎడమ పక్కకు వస్తాయి. లారీ, మబ్బు, మిల్లు, పైసలు ఖాతాలో పడే తేదీ కుడి పక్కకు పోతాయి.

తప్పు జరిగేది తరుగు దగ్గర. చాలామంది దాన్ని మొత్తంగా కుడి పక్కకు తోసేసి 'మన చేతిలో ఏముందిలే కాకా' అంటారు. అది స్టోయిక్ మాట కాదు. తరుగు ఎంత తీశారో చీటీ మీద రాసివ్వమని అడగడం మన చేతిలోదే. నలుగురు రైతులు కలిసి పోయి అడగడం మన చేతిలోదే. వాళ్లు తగ్గిస్తారా లేదా అన్నది ఒక్కటే మన చేతిలో లేనిది. సగం మనది, సగం కానిది అనిపించిన ప్రతిదాన్నీ ఇట్లా ముక్కలు చెయ్యాలి. చేసినాక ఒక్కో ముక్క అటో ఇటో స్పష్టంగా పడుతుంది. ఈ ముక్కలు చెయ్యడం రానంతవరకు స్టోయిక్ తత్వం బద్ధకానికి మంచి పేరు పెట్టుకోవడంగానే మిగిలిపోతుంది.

ఈ తత్వం పుట్టింది క్రీస్తుకు 300 ఏళ్ల ముందు, ఏథెన్సులో. సైప్రస్ దీవి నుంచి వచ్చిన జీనో, బొమ్మలు గీసిన ఒక వసారాలో తిరుగుతూ పాఠం చెప్పేవాడు. గ్రీకులో వసారాను స్టోవా అంటారు, పేరు అట్లా వచ్చింది. ఆయన తర్వాత బడిని నడిపిన క్లియాంథెస్ రాత్రిపూట తోటలకు నీళ్లు తోడి పొట్టపోసుకునేవాడు. ఆ తొలితరం రాసినవన్నీ దాదాపు పోయాయి. ఇప్పుడు మనకు చేతికందేది మూడు వందల ఏళ్ల తర్వాతి రోమన్లవి: నీరో చక్రవర్తికి గురువైన సెనెకా, బానిసగా బతికిన కుంటివాడు ఎపిక్టెటస్, 161 నుంచి 180 దాకా రోమును ఏలిన మార్కస్ ఆరీలియస్. ఒక మంత్రి, ఒక బానిస, ఒక చక్రవర్తి ఒకే మాట చెప్పారంటే అది ఒక్క తరగతి మనుషుల మాట అయ్యుండదని నా నమ్మకం. నేటి పాఠకుడిని మొట్టమొదట పట్టేది కూడా అదే.

వీళ్లు మనకు మరీ దూరపువాళ్లు కూడా కారు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి, అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల బొమ్మలున్నవి. టైబీరియస్ ఏలుతున్న కాలంలో సెనెకా రోములో చదువుకుంటున్న యువకుడు. అప్పుడు మాంసం మానేసి ఏడాది ఉన్నానని, పరదేశపు మతాల మీద అనుమానం పెరిగిన ఆ రోజుల్లో తండ్రి అడిగితే మళ్లీ మొదలుపెట్టానని తన 108వ ఉత్తరంలో రాసుకున్నాడు. ఆయన భారతదేశం మీద ఒక పుస్తకమే రాశాడు. అది దొరకలేదు. అందులో 60 నదులు, 118 జాతుల లెక్క ఉండేదని రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. ఆ లెక్కలో మన కృష్ణ, మూసీ ఉన్నాయో లేవో కానీ ఆయన జేబులోని రకం నాణెం మాత్రం మన మట్టిలో దొరికింది.

ఇక అసలు యంత్రం. దీన్ని అర్థం చేసుకోకుండా మిగతావన్నీ రీల్స్‌లో వచ్చే మాటలే అవుతాయి. స్టోయిక్కుల లెక్కలో మనసులో రెండు వేరువేరు పనులు జరుగుతాయి. మొదటిది తోచడం. రెండోది ఒప్పుకోవడం. ఫోన్ మోగింది, అవతలి గొంతు గట్టిగా ఉంది, 'నన్ను తక్కువ చేస్తున్నాడు' అని తోచింది. తోచడం మన చేతిలో లేదు. ఆ తోచినదానికి 'అవును, నిజమే' అని మనసు ముద్ర వేస్తుందే, అది మన చేతిలోది. ముద్ర పడ్డాకే కోపం పుడుతుంది. మనుషుల్ని కలతపెట్టేవి సంగతులు కావు, వాటి మీద మనం కట్టుకున్న అభిప్రాయాలు అని ఎపిక్టెటస్ అన్నది ఈ ముద్ర గురించే. 1950లలో ఆల్బర్ట్ ఎల్లిస్, ఆ తర్వాత ఆరన్ బెక్ మానసిక చికిత్సలో కొత్త దారి తెరిచినప్పుడు ఇద్దరూ ఈ మాటకు రుణపడ్డామని రాశారు. ఇవ్వాళ కౌన్సెలింగ్‌కు పోతే ఆలోచనల పట్టిక రాయమంటారే, దాని తాత ఇక్కడున్నాడు.

దీనికి ఇంకో ముఖ్యమైన భాగం ఉంది, ఎక్కువమంది వదిలేసేది. ఒళ్లు జలదరించడం, గుండె దడ, ముఖం తెల్లబోవడం, కళ్లలో నీళ్లు. వీటిని సెనెకా కోపమూ అనలేదు, భయమూ అనలేదు. చన్నీళ్లు పడితే వణికినట్టు అవి ఒంటి పనులు, ఎంత జ్ఞానికైనా వస్తాయి అన్నాడు. తుఫానులో ఓడ ఊగుతుంటే ఒక స్టోయిక్ పండితుడి ముఖం పాలిపోయిన సంగతి ఔలస్ గెల్లియస్ అనే రోమన్ రచయిత రాశాడు. ఒడ్డుకు చేరాక అడిగితే ఆయన ఎపిక్టెటస్ పుస్తకం తీసి ఇదే విషయం చూపించాడట. కాబట్టి కోపం వచ్చినట్టు అనిపించగానే 'నేను ఫెయిలయ్యాను' అనుకోవద్దు. ముద్ర ఇంకా పడలేదు. ఏడుపును దిగమింగి రాయిలా కూర్చోవడం ఈ బడిలో ఎవరూ నేర్పలేదు.

కోపం మీద సెనెకా మూడు భాగాల పుస్తకం రాశాడు, అన్న నొవేటస్ కోసం. అందులో పెద్ద మందు ఆలస్యం చెయ్యడమే. ఫోన్ కాలానికి దాన్ని ఇట్లా మార్చుకోవచ్చు. ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో మీ కులాన్నో పార్టీనో తిట్టారు. జవాబు గ్రూపులో టైపు చెయ్యకండి, నోట్స్‌లో చెయ్యండి. గ్రూపు డబ్బాలో టైపు చేస్తే వేలు ఆగదు. రాసింది తెల్లారి చదవండి. చదివేటప్పుడు ఒకటే చూడండి: ఇందులో జరిగిన సంగతి ఎంత, నేను కలిపిన అభిప్రాయం ఎంత? 'ఆయన మీటింగ్‌కు రాలేదు' సంగతి. 'ఆయనకు పొగరు' అభిప్రాయం. అభిప్రాయాలన్నీ కొట్టేసి మిగిలింది పంపండి. చాలాసార్లు పంపడానికి ఏమీ మిగలదు. ఇక్కడ జరిగే తప్పు ఏమిటంటే ఆలస్యాన్ని కోపం కూడబెట్టుకోవడానికి వాడటం. రాత్రంతా మంచం మీద జవాబుకు పదును పెడితే ఆలస్యం మందు కాదు, సాన అవుతుంది. అందుకే రాసి ఫోన్ పక్కన పెట్టి చేతికి వేరే పని ఇవ్వాలి.

గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఈ తత్వంలో పనికొచ్చే భాగం విలుకాడి పోలిక. రోమన్ రచయిత సిసెరో తన 'డి ఫినిబస్' పుస్తకం మూడో భాగంలో స్టోయిక్కుల తరఫున ఇది చెప్పించాడు. విలుకాడు గురి తగలడానికి చెయ్యగలిగిందంతా చేస్తాడు. బాణం వదిలాక గాలి మళ్లొచ్చు, గురే జరగొచ్చు. చెయ్యగలిగిందంతా చెయ్యడమే అతని పని, అది చేస్తే అతని పని నెరవేరింది. మహబూబ్‌నగర్ లైబ్రరీలో కూర్చున్న అభ్యర్థికి అనువదిస్తే: పాత ప్రశ్నపత్రాన్ని గడియారం పెట్టుకొని రాయడం, తప్పుల్ని ఒక నోటుబుక్కులో ఎక్కించడం, వారానికోసారి ఆ నోటునే మళ్లీ చదవడం, అప్లికేషన్‌లో పేరు, కేటగిరీ రెండుసార్లు సరిచూసుకోవడం విల్లు పక్క. నోటిఫికేషన్ తేదీ, కోర్టు కేసు, కీ, కటాఫ్ గాలి పక్క. టెలిగ్రామ్ చానళ్లలో కటాఫ్ అంచనాల మీద గడిపే గంటలన్నీ గాలితో కుస్తీ.

'ఫలితం నా చేతిలో లేదు కదన్నా' అని చదువు తగ్గించేవాడు మాత్రం ఈ పోలికను తలకిందులు పట్టుకున్నాడు. గురివైపు చూడనివాడు విలుకాడే కాడు. స్టోయిక్కులు ఆరోగ్యం, ఉద్యోగం, డబ్బు అక్కర్లేదని అనలేదు. ఎంచుకోదగినవే అన్నారు, వాటి కోసం మనిషి తన న్యాయాన్ని అమ్ముకోకూడదన్నారు, అంతే. ఇక్కడ భగవద్గీత గుర్తుకురావడం సహజం. పోలిక ఉంది, తేడా కూడా ఉంది. గీతలో ఫలాన్ని ఈశ్వరుడికి అర్పిస్తాం. స్టోయిక్కుల దగ్గర విల్లు సరిగ్గా ఎక్కుపెట్టడమే ఫలం, దాన్ని ఇంకొకరికి అర్పించే పని లేదు. ప్రయాణం పెట్టుకున్నప్పుడు 'అడ్డం ఏదీ రాకపోతే' అని కలుపుకోమన్నాడు సెనెకా. మన పెద్దవాళ్లు 'అన్నీ కుదిరితే పోయొస్తం బిడ్డా' అన్నట్టే.

స్టోయిక్ తత్వం మనుషుల్ని సర్దుకుపొమ్మంటుందనే ఫిర్యాదు పాతది. నల్గొండలో ఆ ఫిర్యాదుకు బరువెక్కువ. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనిషికి 'బాధ నీ అభిప్రాయంలో ఉంది' అని చెబితే అది తత్వం కాదు, క్రూరత్వం. స్టోయిక్కుల నాలుగు గుణాల్లో వివేకం, ధైర్యం, నిగ్రహంతో పాటు న్యాయం కూడా ఉంది. న్యాయాన్ని తీసేస్తే మిగిలేది కార్పొరేట్ ట్రైనింగ్.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు బాధను దేశం చూడాలని జల సాధన సమితి పిలుపుతో ఎంతోమంది రైతులు, బాధితులు నామినేషన్లు వేశారు. గెలుస్తామని ఎవరూ వెయ్యలేదు. గెలుపు గాలి పక్కది, నామినేషన్ కాగితం విల్లు పక్కది. ఇన్ని పేర్లకు బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, వార్త దేశమంతా పాకింది. నాకు తెలిసినంతలో విలుకాడి పోలికకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏథెన్సులోనూ లేదు. ఎపిక్టెటస్ దగ్గర దీనికి జోడీ ఒకటుంది. వెస్పాసియన్ చక్రవర్తి సెనేటుకు రావద్దని హెల్విడియస్ ప్రిస్కస్‌కు కబురు పెట్టాడు. నన్ను సెనేటరు పదవి నుంచి తియ్యడం నీ చేతిలో ఉంది, పదవి ఉన్నంతకాలం రావడం నా పని అన్నాడు అతను. వచ్చినా మాట్లాడకు అంటే, నన్ను అడగకు, మాట్లాడను అన్నాడు. అడగక తప్పదు, మాట్లాడావంటే చంపిస్తానంటే, నేను చావులేనివాడినని ఎప్పుడన్నా చెప్పానా, నీ పని నువ్వు చెయ్యి నా పని నేను చేస్తా అన్నాడు. సర్దుకుపోయే తత్వంలో ఇట్లాంటి మనిషి పుట్టడు.

రాబోయే చెడును ముందే తలుచుకోవడం అనే కసరత్తు ఇప్పుడు బాగా ప్రచారంలో ఉంది. ఎక్కువగా చెడిపోయేది కూడా అదే. సరిగ్గా చేస్తే ఐదు నిమిషాల పని, పొద్దున్నే, వెలుతురులో. ఒక్క చెడును తీసుకోవాలి. అది జరిగితే మొదటి గంటలో నేను చేసే పని ఏమిటో రాయాలి. అక్కడ ఆపాలి. ఉదాహరణకు బోరు. మనది గట్టి గ్రానైటు నేల, నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి, పగులు తగలకపోతే 600 అడుగులు దింపినా దుమ్మే వస్తుంది. బోరు బండి పిలవక ముందే రాసుకోండి: నీళ్లు పడకపోతే ఎన్ని అడుగుల దగ్గర ఆపుతాను, పంట ఏది మారుస్తాను, బత్తాయి చెట్లలో వేటిని కాపాడుకుంటాను. బండి తిరుగుతున్నప్పుడు 'ఇంకో యాభై అడుగులు దింపితే పడతయి' అని తోస్తుంది. దానికి అవునంటే అప్పు తెచ్చిన పైసల మీద ముద్ర పడినట్టే. కాగితం మీద అంకె ముందే ఉంటే ముద్ర వెయ్యకుండా ఆగడానికి ఒక ఆధారం ఉంటుంది. రాత్రి పడుకొని పది చెడుల్ని తలుచుకుంటే అది కసరత్తు కాదు, దిగులు. పని దగ్గర ముగియని తలపోత ఏదైనా దిగులే.

పేదరికం కసరత్తు గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. సెనెకా 18వ ఉత్తరం డిసెంబరు పండగ రోజుల్లో రాసింది. మూడు నాలుగు రోజులు చవక తిండి తిని, ముతక బట్ట కట్టి, నేను భయపడింది దీనికేనా అని అడుగు అన్నాడు. జీతం వచ్చే ఇంట్లో దీన్ని గటక, పచ్చిపులుసు, చాప మీద పడకతో చెయ్యొచ్చు. ఫొటో పెట్టకూడదు, పెడితే కసరత్తు మొత్తం తలకిందులు. కానీ ఈ ఉత్తరం రాసింది రోములో అత్యంత ధనవంతుల్లో ఒకడు. బొంబాయి, పుణె అడ్డాల మీద నిలబడే పాలమూరు లేబర్‌కు దీన్ని ఎవరూ ఉపదేశించాల్సిన పనిలేదు. ఆ మనిషి నేరుగా ఎపిక్టెటస్ దగ్గరికి పోవడం మంచిది. నా కాలుకు సంకెల వెయ్యగలవు, నా ఎంపికకు వెయ్యలేవు అని చెప్పిన గొంతు అది.

రాత్రి లెక్క నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. దీపం తీసేశాక, భార్య మాట్లాడటం ఆపాక రోజంతా తిరగేసుకుంటానని సెనెకా రాశాడు. ప్రశ్నలు సెక్స్టియస్ అనే పాత గురువువి: ఇవ్వాళ ఏ చెడ్డ అలవాటును నయం చేసుకున్నావు, దేన్ని ఎదిరించావు, ఎక్కడ మెరుగయ్యావు. తన తప్పు కూడా ఒకటి చెప్పాడు: ఫలానావాడిని అవసరానికి మించి గట్టిగా మందలించావు, అందుకే వాడు బాగుపడలేదు, నొచ్చుకున్నాడు. చివర, ఈసారికి క్షమించాను, మళ్లీ చెయ్యకు అని. నోటుబుక్కులో నాలుగు లైన్లు చాలు, పది నిమిషాలు దాటొద్దు. చెడిపోయే తీరులు రెండు. రాసింది అవతలివాళ్ల తప్పుల చిట్టా అవుతుంది, లేదా తనను తాను చీల్చుకోవడం అవుతుంది. క్షమించాను అనే లైను తప్పకుండా రాయాలి. అది మర్యాదకు పెట్టింది కాదు, ఆ లైను లేకపోతే మూడో రోజుకే పుస్తకం తెరవాలంటే భయమేస్తుంది.

వదిలెయ్యాల్సినవీ ఉన్నాయి. బతుకు భరించలేకపోతే తలుపు తెరిచే ఉంది అన్నట్టు వాళ్లు రాసిన మాటల్ని పక్కన పెట్టండి. అప్పులకు, ఎండిన బోర్లకు రైతులు పురుగుల మందు తాగిన జిల్లాలు ఇవి. ఆ మాటలు వాళ్ల కాలానివి. రోజుల తరబడి నిద్ర లేదు, తిండి సహించదు, చావు ఆలోచన వస్తోందంటే అది కాగితం మీద గీత గీసి తేల్చుకునేది కాదు. మానసిక సాయానికి ఉన్న సర్కారు ఫోన్ లైను టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యాలి, తెలుగులో మాట్లాడతారు, పైసలు పడవు. పక్కనున్నవాళ్లు ఒంటరిగా వదలకూడదు.

చదివే వరుస కూడా ముఖ్యం. అందరూ మార్కస్ రాసిన 'మెడిటేషన్స్'తో మొదలుపెడతారు, పది పేజీలకు ఆగిపోతారు. అది ఆయన అచ్చుకోసం రాసింది కాదు, డాన్యూబ్ నది వైపు యుద్ధాల మధ్య, ప్లేగు రోజుల్లో, పుట్టిన పిల్లల్లో ఎక్కువమందిని పోగొట్టుకున్న మనిషి తనకు తాను గుర్తుచేసుకున్న ముక్కలు. పాఠం తెలియనివాడికి ఆ నోట్సు అర్థం కావు. ఎన్‌కిరీడియన్ ముందు, రోజుకు ఒకటే ముక్క, అదే రోజు ఒక పనిలో వాడి చూస్తూ. దాదాపు రెండు నెలలు పడుతుంది. తర్వాత సెనెకా 124 ఉత్తరాల్లో 7, 13, 18. ఆ తర్వాత కోపం పుస్తకం మూడో భాగం. మార్కస్ చివర. ఆయన పుస్తకం మొదటి భాగంలో 17 ముక్కలుంటాయి, అన్నీ ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో చెప్పే కృతజ్ఞతలే, చాలామంది దాటేస్తారు. దాటెయ్యకండి. ఏడో ముక్కలో రస్టికస్ అనే గురువు పేరుంది. ఎపిక్టెటస్ పాఠాల నోట్సును తన ఇంట్లోని సొంత ప్రతి తీసి ఇచ్చాడని చక్రవర్తి అక్కడ రాసుకున్నాడు.